కడిగించిన ఇల్లు

సాహితి మూకుట్లో ఆవాలు వేసిందో లేదో, గోడ గూట్లోంచి రెండు గాలిపిట్టలు లేచి వచ్చాయి. ఒకటి ఆమె మెడ వెనక నిలబడి గాలి విసిరింది. రెండోది పొయ్యి మంటకు అడ్డు రాకుండా పక్కకు ఒదిగి, చెమట పట్టిన ముంజేతుల మీదికి ఊదింది. అరచేతిలో ఇమిడే ఆ యంత్రాలు ఎగిరితే చప్పుడైనా వినపడదు.

హాల్లో కూర్చున్న లోహిత్ మెడ తుడుచుకున్నాడు. అతని దగ్గరికి ఒక్క పిట్టా రాలేదు.

"ఈ ఇల్లు కొన్నది నేను," అన్నాడు పైకే.

"ఎవరు కాదన్నారు?" అంది సాహితి వంటింట్లోంచి. "కాస్త కిటికీ పక్కకు జరగండి. గాలొస్తది."

"కిటికీ పక్కకు జరగడానికి ఇల్లెందుకు కొనడం? బస్టాండులో కూర్చున్నా వస్తది గాలి."

వీధిలో ఎండకట్టు కూత మోగింది. ఇక పొద్దు వాలేదాకా చిలకలూరిపేటలో ఎవరూ గడప దాటకూడదు. ఎండలు అంతగా ముదిరిన కాలం అది. మనుషుల బతుకు నాలుగు గోడల మధ్యకు చేరాక, ఆ గోడలకే బుద్ధి పెట్టారు. దాన్ని ఇంటిమనసు అంటారు. దానికి ఎవరూ ఏదీ నోటితో నేర్పక్కర్లేదు. ఇంట్లోవాళ్ళు ఒకరికొకరు ఏం చేసుకుంటారో కనిపెట్టి, కొన్నాళ్ళకు ఆ పనులన్నీ తానే చేస్తుంది.

ఇళ్ళకు మనసు వచ్చినా బ్యాంకుల పద్ధతి మారలేదు. అప్పు తీర్చలేనివాళ్ళ ఇంటికి తాళం వేసి వేలానికి పెట్టడం ఎప్పట్లాగే సాగుతోంది. కళ్ళకు వేలంగాజు తగిలించుకుంటే, కూర్చున్న చోటునుంచే గదులన్నీ తిరిగి చూసి పాట పాడవచ్చు. లోహిత్ తోడల్లుడు తరుణ్ అలాంటి జప్తు ఇళ్ళు వరసగా కొని, వరసగా అమ్మాడు. కొన్న ప్రతి ఇంటికీ గృహప్రవేశం చేసి మరదలినీ తోడల్లుణ్ణీ పిలిచేవాడు. బట్టలు పెట్టేవాడు. ఆ భోజనం లోహిత్‌కు అరిగేది కాదు. ఆ బట్టలు ఒక్కసారైనా తొడుక్కోలేదు.

చివరికి తనూ ఒక ఇల్లు పాడుకున్నాడు. అదే మొదటి బేరం. జప్తు ఇల్లు కొన్నవాడు మూడు నెలలైనా అందులో కాపురం ఉంటే తప్ప తిరిగి అమ్మకూడదని చట్టం. అందుకని పెట్టేబేడా సర్దుకుని ఇద్దరూ ఇక్కడికి వచ్చారు.

మామూలుగా అందరూ కొనగానే ఇంటిని కడిగిస్తారు. కడగడమంటే నీళ్ళతో కాదు, పాతవాళ్ళ అలవాట్లన్నీ ఇంటిమనసులోంచి తుడిచేయించడం. తరుణ్ మరీ మరీ చెప్పాడు. కానీ లోహిత్‌కు ఒక ఎత్తు తోచింది. ఎవరో ఏళ్ళ తరబడి మంచిగా దిద్దిన ఇల్లు ఇది. దీన్ని ఇలాగే అమ్మితే ఇంకా మంచి ధర పలుకుతుంది. తరుణ్ కళ్ళలో నిప్పులు పోయవచ్చు.

ఒక సాయంత్రం తరుణ్ వచ్చాడు. సాహితి కుర్చీలో వాలగానే కాళ్ళకింద పీట జరిగి వచ్చింది. వెలుతురు ఆమె కంటికి తగలకుండా మందగించింది. పిట్టలు చేరాయి. తరుణ్ అంతా చూసి పగలబడి నవ్వాడు.

"ఏం తమ్ముడూ, నీ ఇంట్లో నువ్వే చుట్టానివయ్యావే! ఎవడోగానీ పెళ్ళాన్ని నెత్తిన పెట్టుకున్నోడి కొంప ఇది. కడిగించమని చెప్పానా లేదా? పరాయోడి బుద్ధులున్న ఇంట్లో పెళ్ళాన్ని కూర్చోబెట్టి, రేటు పెరిగిద్దని చూస్తన్నావా?"

"నెత్తిన పెట్టుకోకపోతే మానె బావా," అంది సాహితి. "చెమట పడితే పట్టిందని గుర్తుపడితే చాలు. మా అక్కకి అదీ లేదుగా."

తరుణ్ నవ్వు ఆగింది.

పరాయోడు అన్న మాట లోహిత్‌లో ముల్లులా దిగింది. తరుణ్ మీదున్న అసూయ పక్కకు తప్పుకుని, మొహం కూడా తెలియని మనిషి మీదికి మళ్ళింది. గోడ మీద ఫొటో తీసేసిన చోట తెల్లటి మచ్చ ఉంది. దాని ముందు నిలబడి, వాడు పొడుగా పొట్టా, ఎర్రగా ఉంటాడా అని ఆలోచించేవాడు. సాహితి స్నానానికి వెళ్తుంటే ఇల్లు ముందే నీళ్ళు చల్లబరచి ఉంచేది. ఆమె కూనిరాగం తీసుకుంటూ బయటికి వచ్చేది. ఆ రాగం లోహిత్ విని చాలా కాలమైంది.

"చల్లనీళ్ళెందుకు నీకు? ఎప్పుడూ వేణ్ణీళ్ళేగా పోసుకునేదానివి?" అని అడిగాడొకసారి.

"ఏడాదినించీ ఒంట్లో ఉన్నట్టుండి ఆవిర్లు లేస్తన్నాయండీ. ఈ వయసులో ఆడాళ్ళకి మామూలే. పాతావిడకీ ఉండేయ్యేమో. ఇల్లు ఇట్టే కనిపెట్టింది."

"మరి నాకెందుకు చెప్పలా?"

"చెప్పాను. తరుణ్ బావ కొత్త ఇల్లు కొన్నాడని మీరు అన్నం వదిలేసి పడుకున్న రోజు చెప్పాను. అటు తిరిగి పడుకున్నారు." తల తుడుచుకుంటూ నవ్వింది. "పాతాయన ఎవరోగానీ, ఆవిడ అదృష్టవంతురాలు."

సాహితి అక్కను చూడటానికి వెళ్ళిన రోజున లోహిత్ ఇల్లు కడిగించేశాడు.

ఆమె తిరిగొచ్చి గడపలో చెప్పులు విడిచింది. దీపం వెలగలేదు. వంటింట్లోకి వెళ్ళి కాసేపు నిలబడింది. గూట్లో పిట్టలు కదల్లేదు. పమిటతో మెడ తుడుచుకుని, గిన్నెలు సర్దుకోసాగింది. ఎందుకు చేశారని అడగలేదు. అడుగుతుందని నాలుగు జవాబులు సిద్ధం చేసుకున్న లోహిత్‌కు ఒక్కటీ అక్కరకు రాలేదు.

ఖాళీ అయిన ఇంటిమనసు మళ్ళీ మొదటినుంచి చూడటం మొదలుపెట్టింది. సాహితి అతనికి కాఫీ అందించడం చూసింది. అతని కుర్చీ నీడకు జరపడం చూసింది. అతను ఆమెకు ఏం చేస్తాడో చూద్దామని కాచుకుంది కాబోలు, ఏమీ కనపడలేదు. వేసవి సగమయ్యేసరికి ఇల్లు పాఠం నేర్చేసుకుంది. పిట్టలన్నీ లోహిత్ చుట్టూ చేరాయి. పీట అతని కాళ్ళ కిందికే వచ్చేది. వంటిల్లు పొయ్యిలా కాలేది.

"చూశావా, ఇప్పుడు నా ఇల్లయింది!" అన్నాడు సంబరంగా.

"అయింది," అంది సాహితి. "అచ్చం మీలాగే ఉంది."

చట్టం చెప్పిన గడువు దాటాక నరసరావుపేటనుంచి ఒక జంట ఇల్లు చూడటానికి వచ్చారు. మగాయన హాల్లో కూర్చుని చల్లగా ఉందని మెచ్చుకున్నాడు. ఆయన భార్య వంటింట్లోకి వెళ్ళింది. దీపం వెలగలేదు. గాలి రాలేదు. అక్కడ పనిచేసుకుంటున్న సాహితి మొహంవంక, నానిన జాకెట్టువంక చూసింది. చూసి వెనక్కి వచ్చేసింది.

"లేవండి, పోదాం. ఊరికే ఇచ్చినా వద్దు ఈ ఇల్లు. ఇది ఆడమనిషిని మనిషి కింద లెక్కేయట్లా."

వాళ్ళు వెళ్ళాక సాహితి చేతిసంచిలో చీరలు సర్దుకుని గడప పక్కన పెట్టింది.

"రేపు సాయంత్రం అక్క దగ్గరికి పోతన్నా. ఎండలు తగ్గాక వస్తానో లేదో అప్పుడు చూద్దాం."

"అక్కడ మాత్రం? తరుణ్ ఇళ్ళన్నీ కడిగించినయ్యేగా!"

"అక్కడ అక్క ఉంది."

లోహిత్ బ్యాంకువాళ్ళను అడిగి పాత యజమాని ఎక్కడుంటున్నాడో తెలుసుకున్నాడు. మర్నాడు తెల్లారుతూనే బయల్దేరాడు. పత్తిమిల్లు వెనక రేకుల గది. పేరు ఫణీంద్ర. పచ్చళ్ళ వ్యాపారం మునిగి ఇల్లు పోగొట్టుకున్నాడు. లోహిత్ ఊహించుకున్న అందగాడు కాడు. బట్టతల, వంగిన నడుము. గదిలో ఇంటిమనసు లేదు, పిట్టలు లేవు. మంచం మీద ఆయన భార్య మాధురి చిక్కుళ్ళు ఒలుస్తోంది. ఆయన పక్కన కూర్చుని తాటాకు విసనకర్రతో ఆమెకు విసురుతున్నాడు. వచ్చింది ఎవరో తెలిశాక కూడా చెయ్యి ఆపలేదు.

"రోజూ వచ్చి పోండి బాబాయిగారూ. ఇల్లును మళ్ళీ దిద్దండి. జీతం మీరెంతంటే అంత," అన్నాడు లోహిత్. "ఏ మాట చెప్పి నేర్పారో ఆ మాటే దానికి చెప్పండి చాలు."

"మాటలేం చెప్పలేదయ్యా. నేను చేసుకుంటా ఉంటే అది చూసింది."

"అట్టాగే చేయండి. అది చూస్తది."

ఫణీంద్ర విసనకర్ర రెండో చేతికి మార్చుకున్నాడు. "ఆ ఇంట్లో నేను ఎవరికి చేసి చూపించాలి బాబూ? మీ ఆవిడకా?"

మాధురి కిసుక్కున నవ్వి, చిక్కుళ్ళ పళ్ళెం అడ్డం పెట్టుకుంది. లోహిత్ చెవులు ఎర్రబడ్డాయి.

ఎండకట్టు కూత మోగేలోపు ఇంటికొచ్చేసరికి సంచి ఇంకా గడప పక్కనే ఉంది. సాహితి పొయ్యి ముందు నిలబడి అతనికని కూర వండుతోంది. కూరయ్యాక సాయంత్రం నీడలో వెళ్ళాలని ఆమె ఉద్దేశం. వీపంతా తడిసిపోయింది. లోహిత్ చుట్టూ చూశాడు. ఆ ఇంట్లో విసనకర్ర లేదు. అప్పడాల డబ్బా మూత తీసి, ఆమె వెనక నిలబడి విసరడం మొదలుపెట్టాడు.

అలవాటు లేని చెయ్యి. మూత ఒకసారి ఆమె భుజానికి తగిలింది.

"అబ్బా!"

"తగిలిందా? చూళ్ళా."

అతనికి చెమట పట్టడం ఇల్లు గమనించింది. గూట్లో ఉన్న పిట్టలన్నీ ఒక్కసారి లేచి అతని మీదికే వచ్చాయి. చెవులకు, మెడకు, నెత్తికి చల్లగా ఊదుతున్నాయి. ఒక చేత్తో వాటిని తోలుతూ, రెండో చేత్తో విసురుతూనే ఉన్నాడు. తోలినకొద్దీ అవి ఇంకా దగ్గరికి వచ్చాయి.

సాహితి వెనక్కి తిరగలేదు. గరిటె తిప్పుతూనే అడిగింది.

"ఇది ఇంటికి నేర్పడానికా, నాకోసమా?"

నీకోసమే అనబోయాడు. నోటిదాకా వచ్చిన ఆ మాట నిజమో కాదో అతనికే తెలియలేదు. చెయ్యి గుంజుతోంది. మూత ఆపలేదు.

ఆమె పొయ్యి మంట తగ్గించి, కూర నిదానంగా ఉడకనిచ్చింది.