బొట్టు లేని డ్రైవ్

"మధ్యాహ్నానికి ఆ మదర్‌బోర్డు ఓడ ఎక్కాలి. ఓకే చేసి వచ్చెయ్, తాయారూ," అన్నాడు ఫోన్లో గూఢచారి శాఖ చీఫ్ వీరరాఘవులు.

"పరీక్షించకుండా చెయ్యను సార్," అని ఏజెంట్ తాయారు ఫోన్ పెట్టేసింది. చింతాద్రిపేటలో పుట్టిన పిల్ల. పై అధికారంటే గౌరవమే గానీ భయం లేదు.

1997, ఆయుధపూజ మరునాడు. నేత చీర, లావు కళ్లజోడుతో ఇన్‌స్పెక్షన్ ఇంజనీరు వేషంలో ఆమె అంబత్తూరులోని కంప్యూటర్ల యూనిట్‌లో దిగింది. ఆ బోర్డు గస్తీ నౌక రాడార్‌లోకి వెళ్తుంది. దానిలోకి దొంగ ప్రోగ్రాం ఎక్కించాలని ఒక విదేశీ ముఠా కాచుకుని ఉంది. ఎక్కిందా, నౌక ఎక్కడుందో శత్రువుకు తెలిసిపోతుంది. అందులోని వాళ్లంతా నట్టేట మునిగినట్టే.

టెస్ట్ రూంలో మేనేజర్ వేషంలో రంజిత ఎదురైంది. చీఫ్ తోడుగా పంపిన అందగత్తె.

"కూవం ఏట్లో మురుగు నీళ్లు తేటబడినాయా?" అని అడిగింది తాయారు.

"మంచి వానొస్తే చూద్దాం."

కోడ్ సరిపోయింది. తాయారు భూతద్దం తీసింది. సోల్డరింగ్ నున్నగా ఉంది, కెపాసిటర్లు నిటారుగా నిలబడ్డాయి, చిప్పుల మీద అక్షరాలు చెరగలేదు. వంక పెట్టడానికి లేదు.

"బంగారంగా ఉండాది. స్విచ్ ఎయ్యక్కా," అంది రంజిత.

తాయారు చెయ్యి ఆగిపోయింది. అట్టపెట్టె మీద కొత్త బోర్డు, చుట్టూ టెస్ట్ సామాను. నిన్న పూజలో వర్కర్లు మానిటర్‌కూ, పవర్ సప్లైకీ, కీబోర్డుకూ, ఆఖరికి స్క్రూడ్రైవర్‌కూ గంధం, కుంకుమ పెట్టారు. ఫ్లాపీ డ్రైవ్‌కు మాత్రం బొట్టు లేదు. ఓరి దేవుడా, బోర్డు మంచిదే. దొంగ ఈ డ్రైవ్! స్విచ్ వేస్తే పరీక్ష పేరుతో అదే బోర్డులోకి విషం కక్కుతుంది.

"ఈ డ్రైవ్‌ని పూజ అయినాక పెట్టినట్టుండావే, రంజితా?"

రంజిత నవ్వి హ్యాండ్‌బ్యాగ్‌లోంచి పిస్టల్ తీసింది. "నీకు తెలివి శానా ఎక్కువక్కా. స్విచ్ ఎయ్యి."

"ఎయ్యను."

"కాల్చేస్తా."

"కాల్చుకో. ఆ ఓడలో ఉండేది మన పిల్లకాయలు. చచ్చినా ఈ చేత్తో ఎయ్యను."

రంజిత పళ్లు కొరికి తానే స్విచ్ వేసింది. ఆమె చూపు అటు మళ్లిందో లేదో, తాయారు స్క్రూడ్రైవర్ అందుకుంది. డ్రైవ్ లైటు వెలిగింది, డిస్క్ తిరగబోయింది. స్క్రూడ్రైవర్ బోర్డుకు అడ్డంగా పడింది. షార్టయి నీలి మెరుపు, ఠప్పుమన్న చప్పుడు, బోర్డు మాడిన వాసన. రంజిత ఉలిక్కిపడేలోపు ఆమె మణికట్టు మీద ఒక్క దెబ్బ పడింది. పిస్టల్ తాయారు చేతికొచ్చింది.

సంగతంతా విన్నాక కూడా చీఫ్ గొణిగాడు. "ఓకే చెయ్యమంటే బూడిద చేశావు."

"ఇంకోటి పంపండి సార్," అంది తాయారు. "ఈసారి తోడు ఇచ్చే మనిషిని కూడా పరీక్షించి పంపండి."