కాదంబరి మారుచర్మం

ఆ రోజుల్లో విశాఖలో ఏ భవనం గేటూ తాళంచెవి అడిగేది కాదు, ఎండలేపనం డబ్బా అడిగేది. డబ్బా మీది పేరు చదివి, ముఖానికి, చేతులకు సరిగ్గా పూసుకున్నారో లేదో చూసి, అప్పుడు తలుపు తీసేది. ఎండ అంతగా ముదిరిపోయింది మరి. తాతల కాలంలో ఎండలో తిరిగితే నల్లబడేవారట. ఇప్పుడు బొబ్బలెక్కుతున్నారు.

"తవుడు లేపనం. తయారీ ఇందుమతి. వెళ్ళిరండి," అంది గేటు.

వెనకాలే ఇంకొకరు వచ్చారు. "తవుడు లేపనం. తయారీ ఇందుమతి. వెళ్ళిరండి."

అద్దాల వరండాలో కూర్చుని కాఫీ తాగుతున్న డాక్టర్ కాదంబరికి కడుపు రగిలిపోయింది. పొద్దున లేచింది మొదలు ఈ గేటు నోట ఆ పేరు వినలేక చస్తోంది. పోనీ గేటు గొంతు నొక్కుదామంటే దానికి గొంతెక్కడుంది?

కాదంబరి, ఇందుమతి ఒకే బెంచీ మీద కూర్చుని చర్మరసాయనం చదువుకున్నారు. ఒకరి టిఫిన్ డబ్బాలో ఇంకొకరు చెయ్యి పెట్టి తిన్నవాళ్ళే. ఇద్దరూ ఎండలేపనాలు చేయడం మొదలుపెట్టాక ఆ స్నేహం కాస్తా ఉప్పూ నిప్పూ అయింది. ఇందుమతి తవుడు మైనంలో జింక్ పొడి, కలబంద గుజ్జు కలిపి వాసన లేని లేపనం చేసింది. కాదంబరి నువ్వుల నూనెలో అదే జింక్ పొడి వేసి, ఘుమఘుమలాడాలని వట్టివేరు తైలం చేర్చింది. జనం తవుడు వైపే పోయారు. "ముఖానికి కుడితి పూసుకున్నట్టుంటుంది, మనుషులకు ముక్కులున్నాయా లేవా?" అనేది కాదంబరి. ఇందుమతి ఊరుకుంటుందా? వట్టివేరు లేపనాన్ని 'పాత కూలర్ తడక' అంటుందని నలుగురి ద్వారా చెవినపడింది.

ఇంకో బాధ కాదంబరి ఎవరికీ చెప్పుకోలేదు. ఆమెది మహా సున్నితమైన చర్మం. రసాయనాల సన్‌స్క్రీన్ రాస్తే మంట. దానికి తోడు గోధుమలోని బంక, అదే గ్లూటెన్, ఆమె ఒంటికి పడదు. పాత లేపనాలన్నిటిలోనూ గోధుమ కలిసేది. అది పెదవులకంటి రవ్వంత లోపలికి పోయినా రెండు రోజులు మంచమే. సరే, గోధుమ లేకుండా తన లేపనం తనే చేసుకుంది కదా అంటే, ఆ వట్టివేరు తైలం ఆమె చర్మానికే పడలేదు! తయారుచేసినావిడకే పడని లేపనమని తెలిస్తే పరువేం కాను? అందుకే పని ఒత్తిడని చెప్పి పగలు గడప దాటడం మానేసింది. పుట్టి పెరిగింది సముద్రం ఒడ్డున. పొద్దుటి ఎండలో తడి ఇసుక మీద ఒక్కసారి నడవాలని ప్రాణం కొట్టుకుపోయేది.

ఆ కోరికే ఆమె చేత 'మారుచర్మం' కనిపెట్టించింది. మనిషి చర్మం నుంచి నాలుగు కణాలు తీసి, పోషకద్రవంలో పెంచితే తమలపాకంత చర్మం తయారవుతుంది. దాన్ని గాజుపెట్టెలో ఉంచి, ఏ లేపనమైనా ముందు దాని మీద రాసి చూడొచ్చు. పడకపోతే ఆ ఆకు కందుతుంది, మన ముఖం బతికిపోతుంది. అయితే పెట్టెలో చర్మం వేరు, ఒంటి మీద చర్మం వేరు అని ఆమెకు తెలుసు. భయపడితే రక్తంలో ఒక రసం ఊరుతుంది, సంతోషిస్తే ఇంకొకటి. అందుకని మణికట్టుకు ఒక పట్టీ కట్టింది. ఒంట్లో ఏ హార్మోను ఊరితే అదే హార్మోనును, అదే మోతాదులో, పెట్టె ఆ ఆకుకూ అందిస్తుంది. ఇప్పుడు దేశంలో చర్మవైద్యులందరి దగ్గరా అలాంటి పెట్టెలున్నాయి. ఇందుమతి కూడా ఒకటి కొనుక్కుందని తెలిసి కాదంబరి ఆ పూట రెండు ముద్దలు ఎక్కువే తింది.

కాఫీ గ్లాసు కింద పెట్టి లోపలికి వెళ్ళి, ఇన్నాళ్ళూ ముట్టుకోని తవుడు లేపనం డబ్బా తెరిచింది. వంక దొరక్కపోతుందా అన్న ఆశ. డబ్బా మీది పేరు చదువుతూ కాస్త తీసి తన మారుచర్మపు ఆకు మీద రాసింది. చూస్తూండగానే ఆకు దానిమ్మ గింజలా ఎర్రబడింది.

"చూశావా!" అని కాదంబరి ఆ మాట్లాడే పెట్టె కేసి తిరిగి చప్పట్లు కొట్టింది. "గోధుమ కలిపింది! పైకి మాత్రం సహజం, గ్లూటెన్ లేదు అని డప్పు. లేపనాల సంఘానికి ఫిర్యాదు రాయి. రేపటికల్లా ఈ డబ్బా ఏ గేటు దగ్గరా చెల్లకూడదు."

"రాస్తాను డాక్టరుగారూ," అంది పెట్టె. "పరీక్ష ఫలితం జతచేయాలి కదా, ముందు గోధుమ ఉందేమో చూడనివ్వండి." కాసేపు గుర్రుమని, "లేదండీ. రవ్వంత కూడా లేదు," అంది.

"మరెందుకు కందింది?"

"డబ్బాలు మీకు కనబడకుండా నేనే రాసి చూస్తాను. మీరు అటు తిరిగి కూర్చోండి."

కాదంబరి అటు తిరిగి కూర్చుంది. పెట్టె ఆకును కడిగి, దాని రెండు కొసలకూ చెరో లేపనం రాసింది. తిరిగి చూస్తే ఒక కొస కందింది, రెండోది పాలమీగడలా ఉంది.

"కందినది మీ వట్టివేరు. హాయిగా ఉన్నది తవుడు," అంది పెట్టె.

ఆ మాట పూర్తయ్యేలోపే రెండో కొస కూడా జేవురించింది.

కాదంబరి పెట్టె తెర కేసి చూసింది. పట్టీ పంపిన హార్మోన్ల గీత కొండలా లేచి ఉంది. అది ఏ రసమో ఆమెకు ఒకరు చెప్పాలా?

"మీకు పడనిది లేపనం కాదండీ, చేసినావిడ పేరు," అంది పెట్టె. "ఫిర్యాదు పంపమంటారా?"

"నోరు ముయ్యి." సిగ్గుతో చెవులు వేడెక్కాయి. ఆ డబ్బా గేటు దగ్గర చెల్లకుండా పోతే తను ఇక జన్మలో ఇసుక తొక్కదు. తనకు పడే లేపనం లోకంలో అదొక్కటే! "దీనికి మందేమిటో చెప్పు."

"అసూయ మానేయండి."

"అది కాక ఇంకేదైనా చెప్పు."

పెట్టె దగ్గర ఇంకేమీ లేదు. కాదంబరి దగ్గర ఉంది. తవుడు లేపనాన్ని తన పేరున్న ఖాళీ వట్టివేరు డబ్బాలోకి మార్చింది. చర్మానికి మంచిదని ఒకే ఒక్క చుక్క కొబ్బరినూనె వేసి కలిపింది. "ఇప్పుడిది కొత్త మిశ్రమం. నాది," అంది పైకే. మనిషి మనసుకు ఆ చుక్క చాలు. ఆకు మీద రాస్తే నిక్షేపంలా ఉంది.

మర్నాడు గేటు, "వట్టివేరు లేపనం. తయారీ కాదంబరి. వెళ్ళిరండి," అంది. ఆ పేరు వినగానే ఆమెకు ఒళ్ళు పులకరించింది.

బీచిలో ఎండ కాళ్ళ మీద పడింది. తడి ఇసుక వేళ్ళ సందుల్లోకి వచ్చింది. కాదంబరికి ఏడుపొచ్చింది, నవ్వూ వచ్చింది. అలా కొంత దూరం నడిచాక, బండ మీద కూర్చున్న మనిషిని పోల్చుకుని ఆగిపోయింది. ఇందుమతి! పక్కన తవుడు లేపనం డబ్బా, సంచీలోంచి తొంగిచూస్తున్న మారుచర్మం పెట్టె.

"ఏటే కాదంబరీ, నువ్వేనా? పగలు బయటికొచ్చీసావేటి!"

"నువ్వు మాత్రం? నిన్ను ఎండలో చూసి ఎన్నేళ్ళయిందే!"

"పనే తల్లీ, పని. తెమిలితే కదా! రా, ఇలా కూకో."

పక్కన కూర్చోగానే గాలి మళ్ళింది. కాదంబరి ముక్కుపుటాలు అదిరాయి. వట్టివేరు! సందేహం లేదు, తను స్వయంగా దించిన తైలం వాసన. అది ఇందుమతి చెంపల మీదనుంచే వస్తోంది. తవుడు పడక, నా లేపనాన్ని తన డబ్బాలోకి ఒంపుకుందన్నమాట! సరిగ్గా అప్పుడే ఇందుమతి కూడా ఆమె వైపు వంగి, ఓసారి గట్టిగా గాలి పీల్చి, అక్కడ ఏ వాసనా తగలనట్టు కళ్ళు చికిలించింది.



"ఇంతకీ ఏటి రాసుకొచ్చావే?" అంది ఇందుమతి.

"ఏం రాసుకుంటాను? నాదే. నువ్వో?"

"నాదే."

కాదంబరి పట్టీ మీది బుల్లి తెర కేసి ఓరగా చూసుకుంది. ఇన్నేళ్ళలో ఎన్నడూ లేనంత చల్లగా ఉంది గీత. అసూయకు కందే చర్మాన్ని కనిపెట్టిందిగానీ, అబద్ధానికి కందే చర్మాన్ని తను కనిపెట్టలేదు. ఎంత మంచి పని చేశాననుకుని, ఇందుమతి పక్కకు మరికాస్త జరిగి కూర్చుంది.