తీగ లేని కాంటా

రామన్నపేట నుంచి నల్గొండ దాకా కంప్యూటర్ నాడి పట్టడంలో నన్ను మించిన మొనగాడు లేడు. నిజం చెప్పాలంటే నేను చదివింది మూడు నెలల కోర్సు. అందులో రెండు నెలలు ఏసీ గాలి కోసం పోయాను. ఏ కంప్యూటర్‌కు ఏ రోగం వచ్చినా ముందు బంద్ చేసి మళ్లీ ఆన్ చేస్తాను. నాకు తెలిసిన వైద్యం అదొక్కటే.

ఆ వైద్యంతోనే ఊరి బయటి పత్తి మిల్లులో కొలువు దొరికింది. దూదిని బిగించి కట్టిన బేళ్లను అక్కడ కాంటా మీద పెడతారు. ఆ బరువు ఒక తీగ గుండా కంప్యూటర్‌లోకి వస్తుంది. కాంటా అంటే ఏమిటో కంప్యూటర్‌కు తెలియదు. తీగ గుచ్చగానే ఎవరో వచ్చారని పసిగడుతుంది, దానికో నంబరు ఇస్తుంది, ఆ నంబరు మీద ఒక తలుపు తెరుస్తుంది. మొదట వచ్చినదానికి సున్నా, తర్వాతి దానికి ఒకటి. తీగ పీకితే ఆ తలుపు మాయం కావాలి.

మార్చిలో ఒక మధ్యాహ్నం చెడగొట్టు వాన కొడుతుంటే మనీష వచ్చింది. బేళ్లకు స్టిక్కర్లు అంటించే పిల్ల. మిల్లు ఊడ్చే మైసమ్మ బిడ్డ. మైసమ్మ పోయి అప్పటికి నెల.

"మల్లేషన్నా, గా కాంటా ఖరాబున్నదేమో జర చూస్తవా?"

"నువ్వెక్కినవా ఏంది? ఎక్కితే ఖరాబు కాకేం చేస్తది!"

ఆమె నవ్వలేదు.

"మా అమ్మ శుక్రారం శుక్రారం దాని మీదనే తూగింది గదన్నా. ఎప్పుడు చూసినా నలభై మూడు కిలోలే. దవాఖానకు పోదాం పా అంటే, 'తూకం తగ్గలే, నాకేం రోగమే' అన్నది. ఆఖరి దినం ఆమెను నేనొక్కదాన్నే ఎత్తిన. దూది లెక్క లేచింది. కాంటా తప్పు చూపెట్టిందా, నేనే సరిగ చూసుకోలేదా... గిదొక్కటి చెప్పు. నాకు నిద్ర పడతలేదు."

శుక్రవారం కుంకుడుకాయలతో తలకు పోసుకొని, తడి వెంట్రుకలు ముడేసుకొని మైసమ్మ కాంటా ఎక్కేది. నేను వెనక నిలబడి, "లారీ తూకమున్నవు పెద్దమ్మా" అని ఆటపట్టించేవాణ్ని. పళ్లు లేని నోటితో ఆమె పడీపడీ నవ్వేది.

బేళ్ల గదికి కిటికీల్లేవు. వానకు మిల్లు ఆపేశారు, కరెంటు పోయింది. బ్యాటరీ మీద కంప్యూటర్ ఒక్కటే నీలంగా వెలుగుతోంది. తడిసిన పత్తి వాసన, పత్తిగింజల నూనె వాసన. రేకుల మీద వాన చప్పుడుకు పక్కనున్న మనిషి మాట కూడా సరిగా వినపడటం లేదు.

ఏమేం గుచ్చి ఉన్నాయో చూపమని కంప్యూటర్‌ను అడిగాను.

సున్నా. ఒకటి.

గుచ్చి ఉన్న తీగ ఒక్కటే.

"రెండేందన్నా?" మనీష నా చెవి దగ్గర నోరు పెట్టి అడిగింది.

"సున్నాను ఇంకా ఎవరో పట్టుకొని ఉన్నరు. ఏదన్న ప్రోగ్రాం వదలకపోతే గట్లనే అయితది. పాతది వదిలేదాక కొత్తదానికి ఒకటో నంబరే ఇస్తది. ఫికర్ చెయ్యకు."

నా వైద్యం చేశాను. బంద్. ఆన్. ఏ ప్రోగ్రాం అయినా దాంతో చచ్చి ఊరుకోవాలి.

సున్నా. ఒకటి.

తీగను పీకి చేతిలో పట్టుకున్నాను. ఒకటి పోయింది.

సున్నా పోలేదు.

వద్దనుకుంటూనే ఆ తలుపు తెరిచాను. నల్లటి తెర మీద ఒకదాని కింద ఒకటి అంకెలు దిగసాగాయి. 0.0... 0.0... 0.0...

అప్పుడు వాసన మారింది. పత్తి లేదు, నూనె లేదు. కుంకుడుకాయలు...

38.0

38.0

38.0

"అన్నా... మా అమ్మ..." మనీష వేళ్లు నా భుజంలో దిగాయి.

పీకిన తీగ ఇంకా నా చేతిలోనే ఉంది. దాని కొన దేనికీ తగిలి లేదు.

43.0

"నలభై మూడు!" మనీష తెర మీదికి వంగింది. "ఇంకో అయిదు కిలోలు యాడికెల్లి వచ్చినయన్నా?"

ఫోన్ లైటు వేసి కాంటా వైపు రెండడుగులు వేశాను. దాని మీద పొద్దుటి దూది నూగు పరుచుకొని ఉంది. ఆ నూగులో రెండు చిన్న పాదాలు... తడిగా... అణిగి ఉన్నాయి. వాటి వెనక, అంచు మీద, ఒక్క బొటనవేలు. పెద్దది. గోరు మధ్యలో చీలినది.

చెప్పులో నా బొటనవేలు ముడుచుకుంది.

మనీష దగ్గరికి వచ్చేలోపు కాలితో ఆ నూగంతా తుడిచేశాను.

"ఏమున్నదన్నా ఆడ?"

"ఏం లేదు. కాంటా ఖరాబే. మొదటినుంచీ ఖరాబే."

"అయితే నా తప్పు గాదు గదా?" అని ఆమె గోడకు ఆనుకొని ఏడ్చింది. తెర మీద అంకెలు ఆగాయి. 43.0 దగ్గర. బ్యాటరీ అయిపోయేదాకా అవి మారలేదు.

ఇది జరిగి రెండు నెలలయింది. నా ప్యాంట్లు జారుతున్నాయి. బెల్టుకు మేకుతో మూడు తూట్లు పొడిచాను, నాలుగోది ఇవాళ పొడిచాను. దవాఖానలో తూకం చూస్తే అరవై రెండు. మందుల దుకాణం ముందర మిషన్ మీద అరవై రెండు. చిక్కకముందు, పెళ్లిచూపులకు పోయినప్పుడు కూడా నా బరువు అంతే. "తూకం తగ్గలేదు గదయ్యా, నీకేం రోగం లేదు పో" అని డాక్టర్ నవ్వి పంపించాడు. ఎక్కిన ప్రతిసారీ నా వెనక కుంకుడుకాయల వాసన. తిరిగి చూసే ధైర్యం ఇంకా రాలేదు.

మొనగాణ్నని మొదలుపెట్టాను కదా. ఆ మొనగాడి పని కూడా చెప్తాను. వెనక నుంచి కాంటా అంచు మీద కాలి బొటనవేలు ఆనించి బరువు పెంచడం మొదట ఆటకే చేశాను. తర్వాత మైసమ్మ చిక్కిపోతుంటే, ఆ నవ్వు పోతుందేమోనని, వారం వారం కొంచెం గట్టిగా నొక్కాను. ఆఖరి శుక్రవారం, కాలు ఆనించకముందు, ముప్పై ఎనిమిది అని నా కళ్లతో నేను చూశాను.

చూసి కూడా నొక్కాను. మనీషకు ఇంకా చెప్పలేదు.