టైముకు నింపినవాడు

సరిగ్గా నాలుగూ పదికి, మూడో నంబరు ప్లాట్‌ఫారం బెంచీ మీద, ఏజెంట్ సెవెన్ గుండెల్లో తూటా దిగింది. చేతిలోని పేపరు మడత కూడా విప్పలేదు.

మర్నాడు పొద్దున్నే అతని అక్క, ఏజెంట్ ఫైవ్, చీఫ్ గదిలో నిలబడింది.

"లీక్ ఎక్కడ సార్?"

చీఫ్ కంప్యూటర్ తెర ఆమె వైపు తిప్పాడు. ఏడాది క్రితం బోలెడు డబ్బు పోసి కొన్న ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్ సాఫ్ట్‌వేర్. ప్రతి ఆపరేషన్‌కూ టాస్క్, టైమ్, లొకేషన్.

"అమ్మిన కంపెనీ శత్రువులదట. మనం ఎక్కించిందల్లా చదువుతున్నారు."

"మరి మేమంతా ఎలా బతికున్నాం?"

"మీరు ఏనాడైనా సరిగ్గా నింపి చచ్చారా? పనైన వారానికి ఎక్కిస్తారు. టైముకు నింపింది వాడొక్కడే."

"చిన్నప్పుడూ అంతే సార్. బడిసంచి ముందురోజే సర్దుకుని పక్కలో పెట్టుకు పడుకునేవాడు."

చీఫ్ తెర మీద మరో వరస చూపించాడు. "వాడు ఎక్కించిన టాస్క్ ఇంకోటుంది. ఇవాళ పదకొండింటికి రేవులో మన సైంటిస్టు దిగుతాడు. ఆయన్నీ చంపేస్తారు."

"లొకేషన్ మార్చి లైబ్రరీ అని పెడతాను. అక్కడ ఆయన వేషంలో నేనుంటా. అసలు ప్లాన్ స్టోర్‌రూమ్‌లోని నల్లబల్ల మీద రాద్దాం. దానికి వైరూ లేదు, లైసెన్సూ లేదు."

పదకొండుకు నిమిషం తక్కువ. లైబ్రరీ బల్ల దగ్గర తెల్లగడ్డం పెట్టుకుని ఫైవ్ పుస్తకం తిరగేస్తోంది. హైహీల్స్ చప్పుడు. సెంటు ఘుమఘుమ. ఆఫీసులో అందరికీ ఆ సాఫ్ట్‌వేర్ నేర్పిన ట్రైనింగ్ మేడమ్!

"ఓడ ఆలస్యమైందా, తాతగారూ?"

సాఫ్ట్‌వేర్‌లో ఎక్కించిన కోడ్‌వర్డ్ చెబుతూనే పెన్ను నొక్కింది. విషపు సూది మెడకు అంగుళం దూరంలో ఉండగా ఫైవ్ ఆ మణికట్టు ఒడిసిపట్టింది. గడ్డం ఊడిపడింది.

"నువ్వా! నీ టాస్కులన్నీ లేటేగా?"

"ఇదొక్కటే టైముకు నింపాను."

మేడమ్ పెదవి విరిచింది. "నా క్లాసులో నోట్సు రాసుకున్నది మీ తమ్ముడొక్కడే."

ఫైవ్ వేసిన సంకెళ్లకు తాళం రెండోసారికి గానీ పడలేదు.

సైంటిస్టు క్షేమమని రేవు నుంచి కబురొచ్చింది. నల్లబల్ల మీద ఆయన పేరున్న వరసకు ఫైవ్ టిక్కు పెడుతుంటే, చీఫ్ ఫారం పట్టుకుని వచ్చాడు.

"కొత్త పద్ధతికి ఖర్చెంతయిందో పైవాళ్లకు రాయాలట. ఏం రాయమంటావమ్మా?"

ఆమె చేతికంటిన సుద్ద దులుపుకుంది.

"రెండు చాక్‌పీసులు, ఒక తమ్ముడు అని రాయండి సార్."