అమలమ్మ శుక్రవారాల మొక్కు

"అత్తయ్యా! ఈ చెమటలేంటి? చేతులిలా వణుకుతున్నాయేంటి?"

వంటింటి గుమ్మంలో కూలబడిపోయిన అత్తగారిని చూసి వినీల కంగారుగా పక్కన కూర్చుంది! గుడ్ ఫ్రైడే కదా, గుడికి వెళ్ళాలని పొద్దున్నే తెల్లచీర కట్టుకుంది అమలమ్మ. కొడుకు సురేష్ డ్యూటీకి వెళ్ళాడు. భవానీపురంలోని ఆ ఇంట్లో ఇప్పుడున్నది వాళ్ళిద్దరే... వినీలకి ఐదో నెల.

"షుగర్ బిళ్ళ వేసుకున్నారా?"

"వేసుకున్నానే... డాక్టరుగారు ఒక్కపూట కూడా మానొద్దన్నారుగా."

"మరి టిఫిన్?"

అమలమ్మ తల అడ్డంగా ఊపింది.

అయ్యో పిచ్చితల్లీ! డాక్టరు మాట కాదనలేక, దేవుడికిచ్చిన మాట తప్పలేక, రెండూ నెత్తినేసుకుంది! పోయినవారమే బిళ్ళ డోసు పెంచారాయె. తినకుండా వేసుకుంటే ఉన్న షుగర్ కాస్తా పడిపోదూ!

వినీల పరుగున పంచదార నీళ్ళు తెచ్చింది. అమలమ్మ పెదవులు బిగించేసింది.

"జబ్బు మనుషులకి ఉపవాసం అక్కర్లేదని ఫాదర్‌గారే చెప్పారు కదత్తయ్యా!"

"ఆయన చెప్పార్లే. నేను మొక్కుకున్నానే..." అమలమ్మ గ్లాసు పక్కకి నెట్టింది. "నీకు రెండుసార్లు కడుపు పోయింది. ఈసారన్నా బిడ్డ దక్కితే చాలని, ఈస్టర్ ముందటి ఈ నలభై రోజుల తపస్సుకాలం శుక్రవారాలు మంచినీళ్ళతోనే ఉంటానని... ఇవాళే ఆఖరు. ఇప్పుడిది తాగితే..."

వినీల కళ్ళల్లో నీళ్ళు గిర్రున తిరిగాయి. శుక్రవారం వస్తే చాలు, ఆవిడ కంచం ముందుకు రాకపోతే తనేమనుకుంది? బిడ్డల్ని నిలుపుకోలేని కోడలి చేతి వంటంటే రోత పుట్టిందనుకుంది! మొగుడి దగ్గర ఎన్ని చాడీలు చెప్పింది!

కానీ ఏడుస్తూ కూర్చునే సమయం కాదది.

"సరే! మీరు తాగేదాకా నేనూ ముద్ద ముట్టను. నేనూ, కడుపులో ఉన్న మీ మనవడూ మీతోపాటే ఉపవాసం!"

"ఓసి నీ మొండితనం కూలా! కడుపుతో ఉన్నదానివి, అదేం మాటే!"

అమలమ్మ గ్లాసు లాక్కుని గటగటా తాగేసింది.

కాసేపటికి వణుకు తగ్గింది. వినీల డాక్టరుకి ఫోన్ చేసి, ఆయన చెప్పినట్టే పెరుగన్నం కలిపి తినిపించింది. తింటున్నంతసేపూ ఆవిడ ఏడుస్తూనే ఉంది.

"మొక్కు చెడిందే తల్లీ... వాడికేమన్నా అయితే..."

ఆ భయం వినీలకూ ఉంది! డిగ్రీ చదివినంత మాత్రాన తల్లికి భయం పోతుందా? అత్తగారి చేతిని తన కడుపు మీద పెట్టుకుని, "మిమ్మల్ని తప్పుగా అనుకున్నానత్తయ్యా... క్షమించండి" అంది.

"ఊరుకోవే, పిచ్చిపిల్లా."

మధ్యాహ్నం ఇద్దరూ ఆటోలో గుడికి వెళ్ళారు. సిలువను ముద్దు పెట్టుకునే వరసలో వినీల ఆవిడ వెనకాలే నిలబడింది. అమలమ్మ వంగి, ప్రభువు పాదాలకి పెదవులాన్చి, ఎంతకీ లేవలేదు.

"ప్రభువా... ఈ పిల్ల నా మొక్కు చెడగొట్టింది. నామీద ప్రేమకొద్దీ చేసింది. దాన్నేమీ అనకయ్యా... కోపమొస్తే నన్నే అను."

వెనకనుంచి అదంతా విన్న వినీల వంతు వచ్చింది. బిడ్డ కోసం ఏమేం అడగాలో దారిపొడవునా అనుకుంటూ వచ్చింది. అవేవీ నోటికి రాలేదు.

"మా అత్తయ్యని కూడా ఏమీ అనకు ప్రభువా!" అని మాత్రం అనగలిగింది.