టమాటాలు కూడా పట్టుకెళ్లారు

"దిగు. బండి కదులుతోంది."

"చెప్పడానికి నువ్వెవరు?"

యోస్ట్ తన చేతికున్న తెల్లపట్టీ చూపించాడు. ఊరేగింపులో క్రమం చూసేవాళ్లు కట్టుకునే పట్టీ అది. అది ఉన్నంతసేపు బీరు ముట్టకూడదు, దమ్ము కొట్టకూడదు. గంజాయిని చట్టబద్ధం చేయాలంటూ బెర్లిన్‌లో ఆ ఆగస్టు శనివారం జరిగిన ఊరేగింపులో మత్తు లేనివాళ్లు కొద్దిమంది. అతను వాళ్లలో ఒకడు. తిల్దా ఇంకొకతె. ఆమెకు కోపంతోనే సరిపోయింది.

"ఈ బండి మీద నాకు మాట్లాడే టైమ్ ఇచ్చారు," అంది పాటల లారీ మెట్టు మీద నుంచి దిగకుండా.

"వానకి ఆలస్యమైంది కదా, ప్రసంగాలు తీసేశారు."

"పాటలు తీసేయలేదే? వాటికి వాన తగలదా?"

"పైనుంచి చెప్పారు."

"పైనుంచి అంటే? దేవుడా?"

"కాదు, ఊలి. డీజే."

అని నవ్వాడు. నవ్వకుండా ఉండాల్సింది. తిల్దా లారీ వెనక్కి నడిచి, జనరేటర్ తీగ పట్టుకుని పీకేసింది.

పాట ఆగింది. ఈలలు మొదలయ్యాయి. ఆకు వేషం వేసుకున్న ఒకాయన "ఎవడ్రా ఆపింది?" అని అరిచాడు. లారీ పక్కన నడుస్తున్న పోలీసు అధికారిణి దగ్గరికి వచ్చింది.

"ఇక్కడ బాధ్యులెవరు? ఎందుకాగింది?"

తిల్దా నోరు తెరిచేలోపు యోస్ట్ ముందుకొచ్చాడు.

"నేనే ఆపించాను మేడమ్. ఇప్పుడు ప్రసంగం. ప్రసంగాలు లేకపోతే ఇది ప్రదర్శన కాదు, తిరునాళ్లు అని పొద్దున మీరే అన్నారు. తిరునాళ్లకైతే రోడ్డు ఇచ్చేది లేదన్నారు కదా."

ఆమె అతన్నీ తిల్దానీ మార్చి మార్చి చూసింది. "కానివ్వండి. త్వరగా."

యోస్ట్ తిల్దా వైపు తిరిగి గొంతు తగ్గించాడు. "మైకుకి కూడా కరెంటు కావాలి. ఆ తీగ మళ్లీ పెట్టు."

ఆమె పెట్టింది. ఎక్కి మైకు అందుకుంది.

"మా నాన్న పేరు ఎక్కెహార్ట్. కండరాలు బిగుసుకుపోయే జబ్బు. డాక్టర్ రాసిచ్చిన గంజాయికి బీమావాళ్లు ఒప్పుకోలేదు. బాల్కనీలో మూడు మొక్కలు పెంచుకున్నాడు. పోలీసులొచ్చారు. ఆ మూడూ తీసుకెళ్లారు. పక్కనున్న టమాటా మొక్కలు కూడా పట్టుకెళ్లారు. చెంచా పట్టుకోలేని మనిషి మీద కేసు పెట్టారు! గురువారం పొద్దున తొమ్మిదింటికి మోవబిట్ కోర్టులో విచారణ. ఎవరొస్తారు? చేతులెత్తండి."

రోడ్డు నిండా చేతులు లేచాయి.

"అబద్ధం," అంది తిల్దా. "గురువారం పాటలుండవు. మీరూ ఉండరు."

మైకు పెట్టేసి దిగింది. యోస్ట్ తన గొడుగు ఆమె మీదికి జరిపాడు.

"నేను కూడా ఎత్తాను."

"అందరూ ఎత్తారు."

"నేను రెండూ ఎత్తాను."

"అయితే రెండు అబద్ధాలు," అని ఆమె వానలోకి నడిచింది.

*

గురువారం కోర్టు వసారాలో బల్లలన్నీ ఖాళీగా ఉన్నాయి. ఎక్కెహార్ట్ చక్రాల కుర్చీలో టై కట్టుకుని కూర్చున్నాడు. టై తిల్దా కట్టింది.

"రోడ్డు నిండా చేతులన్నావు కదమ్మా?"

"ఊరుకో నాన్నా."

రానివాళ్లందరి మీదా ఆమెకు కోపంగానే ఉంది. రెండు చేతులెత్తినవాడి మీద ఎక్కువగా ఉంది. వసారా చివరికి చూడకూడదనుకుంది. చూసింది. మళ్లీ చూసింది.

తొమ్మిది దాటింది. ఇంకా పిలవలేదు. మెట్ల మీద ఎవరో పరుగెత్తుతున్న చప్పుడైంది. యోస్ట్ వచ్చాడు. చొక్కా తడిసింది. చంకలో కుండీ ఉంది, అందులో టమాటా మొక్క.

"ఆలస్యంగా వచ్చావు," అంది తిల్దా.

"గేటు దగ్గర ఆపేశారు. ఇది ఏ మొక్కో తేల్చడానికి ముగ్గురొచ్చారు. వాసన చూశారు, ఇంకొకణ్ణి పిలిచి చూపించారు. చివరికి నేనొక కాయ కొరికి తినాల్సొచ్చింది."

ఎక్కెహార్ట్ నవ్వాడు. పోలీసులు వచ్చి వెళ్లాక ఆయన నవ్వడం తిల్దా చూడలేదు. తన కోపం కరుగుతోందని తెలియనివ్వకూడదని ఆమె ఇంకా గట్టిగా అడిగింది.

"అసలెందుకొచ్చావు?"

"సగం మీ నాన్నగారి కోసం."

"మిగతా సగం?"

అతను కుండీ వైపు చూశాడు. "నువ్వు ఆ తీగ పీకావు చూడు. అప్పట్నుంచి నాకు పాటలు వినబుద్ధి కావట్లేదు. నువ్వు అరిచిందే వినిపిస్తోంది. ఇంకా వినాలని ఉంది."

"నీకు పిచ్చి."

"ఉండొచ్చు."

"అమ్మాయ్," అన్నాడు ఎక్కెహార్ట్, "ఆ కుండీ నా ఒళ్లో పెట్టించు. కుర్చీ అతన్ని తొయ్యనివ్వు. నువ్వు కోపంలో ఉంటే గోడలకి కొడతావు."

తలుపు తెరుచుకుంది. లోపలినుంచి పేరు పిలిచారు. యోస్ట్ కుండీ ఆయన ఒళ్లో పెట్టి కుర్చీ పట్టుకున్నాడు. తిల్దా కూడా పట్టుకుంది. ఒక పిడి మీద రెండు చేతులు పడ్డాయి. ఎవరూ తీయలేదు.

"లోపల నేను అరుస్తాను," అంది ఆమె. "ముందే చెప్తున్నా."

"అరుచుకో," అన్నాడు యోస్ట్. "ఇవాళ నా చేతికి పట్టీ లేదు."