పట్టీ లేని మోకాలు

ఆ ఉదయం ఇంట్లో నలుగురున్నారు. రాత్రి డ్యూటీ చేసి వచ్చి లోపలి గదిలో నిద్రపోతున్న నాన్న, పెనంలో ఉప్పు వేయిస్తున్న అమ్మ, కుర్చీలో నాయనమ్మ, బ్యాగు సర్దుకుని వీధి వైపే చూస్తున్న అమ్మాయి. కాలేజీలో కుస్తీ పడుతుంది కాబట్టి ఆమెను ఇంట్లో అందరూ వస్తాదు అనే పిలుస్తారు. కాలేజీల పోటీలకు జట్టును తీసుకెళ్లే వ్యాను ఇంకాసేపట్లో రావాలి. ఏడాదంతా ఆమె కలలు కన్నది ఈ పోటీల గురించే.

"కాలు చాపవే," అంటూ అమ్మ వేడి ఉప్పు మూటతో కింద కూర్చుంది. సెలవులకు వచ్చిన దగ్గర్నుంచీ పట్టీ కట్టిన కుడి మోకాలికి రోజూ కాపడం పెడుతోంది.

"అబ్బా, కాలుతోందమ్మా!"

"ఎత్తి కుదేస్తే లేని నొప్పి ఉప్పు మూటకొచ్చిందా?" అంది నాయనమ్మ.

వీధి మలుపులో హారన్ వినిపించింది. వస్తాదు గభాల్న లేవబోయింది. ఎడమ మోకాలు సగం వంగి అలాగే బిగుసుకుపోయింది. గోడ పట్టుకుని పళ్లు బిగించింది.

అమ్మ ఆ కాలి మీది పైజమా పైకి లాగింది. మోకాలు కుండలా ఉబ్బి ఉంది.

"దెబ్బ ఈ కాలికా?"

"అరవకమ్మా, నాన్న లేస్తారు."

"అయితే ఇన్నాళ్లూ నేను బాగున్న కాలికా సేవ చేసింది!" అమ్మ గొంతు తగ్గించింది కానీ కోపం తగ్గలేదు.

"ఆ మూటేదో నా కాళ్లకి పెట్టినా పుణ్యం దక్కేది కదే," అంది నాయనమ్మ.

"పట్టీ కనబడితే అవతలి అమ్మాయి ఆ కాలే పట్టి లాగుతుంది. అందుకే బాగున్న కాలికి కడతాం."

"అవతలి అమ్మాయిని మోసం చెయ్యి. నన్నెందుకే? మీ కోచ్ సార్‌కైనా తెలుసా?"

"తెలీదు. తెలిస్తే ఎవరూ పంపరు. కుస్తీలో ఎప్పుడూ ముందుకు వేసే కాలే పోతుందమ్మా. హాస్టల్లో నా గదిలో ఇద్దరు అలాగే ఆగిపోయారు. మేం సాధన చేస్తుంటే గోడ పక్కన కూర్చుని చూస్తారు. నేనలా చూడలేను."

అమ్మ మూట పక్కన పెట్టి, ఆ మోకాలి కింద అరచెయ్యి ఉంచి, మెల్లగా, చాలా మెల్లగా కాలు చాపించింది. బిగుసుకున్నది విడిపోయింది. వస్తాదు అమ్మ భుజం మీద తల పెట్టి ఏడ్చేసింది.

"నేను ఆపనే," అంది అమ్మ, తన కళ్లు తుడుచుకుంటూ. "మీ సార్‌తో ఒక్క మాట కూడా అనను. వెళ్తావో, చెబుతావో నీ ఇష్టం."

బయట వ్యాను ఆగింది. "వస్తాదూ, రావే! కిటికీ పక్క సీటు నీకే ఉంచాం!" అని జట్టు అమ్మాయిలు కేకలు. ఆమె బయటికి రాగానే సార్ దిగి ఆమె బ్యాగు అందుకున్నారు. ఆమె కడ్డీ పట్టుకుని, మెట్టు మీద పెట్టబోయిన కాలు వెనక్కి తీసుకుంది.

"సార్, నా దెబ్బ పట్టీ కట్టిన కాలికి కాదు."

ఆయన రోడ్డు మీదే మోకాళ్ల మీద కూర్చుని ఎడమ కాలు నొక్కి చూశారు. ఈసారి ఆమె నొప్పి దాచుకోలేదు.

"పోటీల నుంచి వచ్చాక డాక్టరు దగ్గరికి నేనే తీసుకెళ్తాను," అన్నారు. బ్యాగు మళ్లీ ఆమె చేతికిచ్చారు.

వ్యానులోంచి అమ్మాయిలు తలుపు వైపు తొంగి చూశారు. ఆమె ఒక్కొక్కరి ముఖం చూస్తూ, ఆఖర్న ఎవరూ కూర్చోని ఆ సీటు చూసింది. సార్ తలుపు లాగి మూసేశారు.